వాతావరణ ప్రణాళికలో రైతు పేరు ఉంది.. మరి కౌలు రైతు?

2022 మార్చి గుర్తుందా? 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత వేడి మార్చి ఇంకొకటి లేదు. సరిగ్గా గింజ పట్టే వేళకి గోధుమ దెబ్బతింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో వాన సాధారణం కన్నా 36 శాతం తక్కువ పడింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచేశాయి. ఒకచోట ఎండ, ఒకచోట కరువు, ఇంకోచోట వరద. నష్టం మొదలయ్యేది పొలంలో, చివరికి చేరేది మన వంటింటికి.

అందుకే వాతావరణ మార్పును తట్టుకునే జాతీయ ప్రణాళికల్లో వ్యవసాయానికి ముందు చోటు ఇవ్వాలన్న మాట ప్రపంచమంతా వినిపిస్తోంది. ఇలాంటి ప్రణాళికలు వేసుకోవాలని 2010లో మెక్సికోలోని కాన్‌కూన్ సదస్సులో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత నేపాల్, కెన్యా, ఉగాండా, వియత్నాం వంటి దేశాలు ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో సాగును అందులో కలిపే పని మొదలుపెట్టాయి.

మన దేశం ఇంకా ముందే కదిలింది. 2008 జూన్ 30న విడుదలైన జాతీయ కార్యాచరణ ప్రణాళికలోని ఎనిమిది మిషన్లలో సుస్థిర వ్యవసాయం ఒకటి. 2011లో 'నిక్రా' పథకం వచ్చింది. దాన్ని నడిపేది మన హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉన్న మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ 'క్రీడా'నే.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

నిక్రా అధ్యయనం 651 వ్యవసాయ జిల్లాలను పరిశీలించి, 310 జిల్లాలకు ముప్పు ఉందని తేల్చింది. వాటిలో 109 జిల్లాలది అతి తీవ్రమైన ముప్పు. తగిన చర్యలు తీసుకోకపోతే వర్షాధార వరి దిగుబడి 2050 నాటికి 20 శాతం, 2080 నాటికి 47 శాతం పడిపోవచ్చని అంచనా. అదే నీటి వసతి ఉన్న వరిలో తగ్గుదల 2050 నాటికి 3.5 శాతమే. అంటే దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. చెరువు, కాలువ, బోరు లేనివాడికే ఎక్కువ.

పరిష్కారాలు లేవా అంటే ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన 'స్వర్ణ' వరికి ముంపును తట్టుకునే గుణం జోడించి 'స్వర్ణ సబ్-1' తెచ్చారు. సుమారు రెండు వారాలు నీటిలో మునిగినా ఆ పైరు మళ్లీ తేరుకుంటుంది. వాన ఆలస్యమైతే ఏ పంట వేయాలో చెప్పే జిల్లా ప్రత్యామ్నాయ ప్రణాళికలూ తయారయ్యాయి.

మరి అడ్డు ఎక్కడ?

ప్రణాళిక ఒక మాట చెబుతుంది, మార్కెట్ ఇంకో మాట చెబుతుంది. జొన్న, కంది, చిరుధాన్యాలు వేయమని సలహా ఇస్తారు. కానీ గ్యారంటీగా కొనేవాళ్లు కనిపించేది వరికే. అప్పు తీర్చాల్సిన రైతు ఏ పంట వేస్తాడో వేరే చెప్పాలా? విత్తనం, రుణం, బీమా, కొనుగోలు ఈ నాలుగూ ఒకే దారిలో నడవకపోతే ప్రణాళిక కలెక్టరేట్ బీరువా దాటి బయటకు రాదు.

రెండో అడ్డు ఇంకా పెద్దది, అదే కౌలు. మన కుటుంబాల్లో సొంత భూమి లేక పొలం కౌలుకు చేసేవాళ్లు, మామిడి తోటలు గుత్తకు పట్టేవాళ్లు ఎందరో. పంట పోతే మునిగేది వాళ్లే. పట్టా మాత్రం ఇంకొకరి పేరు మీద ఉంటుంది. ఫసల్ బీమా నిబంధనల ప్రకారం కౌలు రైతులూ అర్హులే. కానీ సాగు చేస్తున్నట్టు కాగితం చూపాలి. ఆంధ్రప్రదేశ్ 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది, అయితే 11 నెలల ఆ కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. తెలంగాణలో రైతుబంధు డబ్బు పట్టాదారుకే వెళ్లింది. ఆ రాష్ట్రం 2020లో ఫసల్ బీమా నుంచి కూడా తప్పుకుంది.

కాబట్టి ఎన్ని కోట్లు కేటాయించారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. దున్నేవాడి పేరు రికార్డులో ఉందా, నష్టపరిహారం అతని ఖాతాలో పడిందా అన్నదే అసలు పరీక్ష. యజమాని హక్కుకు భంగం లేకుండా, అతని సంతకంతో పని లేకుండా, గ్రామసభలో విచారించి సాగుదారును నమోదు చేసే పద్ధతి రావాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేసుకుందాం. ఆంధ్రలో ఉన్నవాళ్లు ఈ-క్రాప్‌లో పంట ఎవరి పేరున నమోదైందో చూసుకోండి. ఎక్కడున్నా వ్యవసాయ అధికారిని మీ జిల్లా ప్రత్యామ్నాయ పంటల ప్రణాళిక చూపమని అడగండి. అది దాచాల్సిన కాగితమేమీ కాదు, మీకోసం రాసిందే.