గణనదానము – ఫలమెవ్వరిది?

ఊరక యున్న కంప్యూటరు సయితము లోకసేవ చేయగలదు. 2000 సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నారంభమైన ఫోల్డింగ్ ఎట్ హోమ్, ప్రోటీనులు ముడుచుకొను రీతిని గణించు మహాకార్యమును ముక్కలుచేసి, స్వచ్ఛందసేవకుల యింటి యంత్రములకు పంచుచున్నది. 2020లో కోవిడు విజృంభింపగా లక్షలాది జనులు వచ్చి చేరిరి. సెకనుకు పదివేల కోట్ల కోట్లకు మించిన గణనలు సాగెను. నాటి సూపర్ కంప్యూటరులలో మొదటిదియు దీనికి సాటి రాలేదు.

యంత్రము దాతది; విద్యుత్తు ఖర్చును దాతదే. ఫలమెవ్వరిదని యడుగు హక్కు దాతకు లేదా? ఆ సంస్థ తన గణనఫలములను బహిరంగపరచుచున్నది. ఆ యేట దాని తోడ్పాటు పొందిన కోవిడ్ మూన్‌షాట్ పేటెంటు లేని మందునకై యత్నించెను. ఇదియే ధర్మమని మా యభిప్రాయము. గణనదానము కోరు ప్రతిసంస్థయు నిట్టి వాగ్దానమును ముందుగానే వ్రాసి యీయవలెను. ఊరి చందాలతో త్రవ్విన నూతికి తాళము వేయు నధికార మెవ్వరికిని లేదు.