మహానగరాలు - బాటసారికి అభయం

ప్రయాణమై వెళ్ళేవారిని "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అని దీవించి పంపడం తెలుగువారి ఆచారం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో "ఖుదా హాఫిజ్" అంటారు. దేవుడే నీకు రక్షకుడగుగాక అని దాని భావం. రెండు భాషలలోనూ వీడ్కోలు మాట భద్రతను కోరే మాటే. తెలుగు దీవెనలో క్షేమం ముందు, లాభం తరువాత వస్తాయి. ఊరు దాటిన మనిషికి తొలి అవసరం అభయమని మన పెద్దలు బాగుగా ఎరుగుదురు.

ఒకప్పుడు ఈ దీవెన గుంటూరుకో, హైదరాబాదుకో వెళ్ళేవారికి చెప్పేవారు. నేడు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల యువతీయువకులు ఉన్నత విద్య కోసం లండను, డబ్లిను, బెర్లిను వంటి మహానగరాలకు పోవాలని ఆశిస్తున్నారు. అప్పుడు తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, "ఆ ఊళ్ళో భయమేమీ లేదు కదా?" అని. ప్రశ్న సహజమైనదే. కాని దానికి "ఉన్నది" అని గాని "లేదు" అని గాని ఒక్క మాటలో ఇచ్చే సమాధానం ఏదైనా సరే మనలను తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. ఏ నగరమూ సాంతం భద్రమైనది కాదు, సాంతం భయానకమైనదీ కాదు. ఏ అపాయం, ఏ వీధిలో, ఏ వేళలో, ఎవరికి అని విడదీసి అడగడం మనం నేర్చుకోవాలి. అదే ప్రశ్నను మన ఊరిని గురించి కూడా అడుక్కోవాలి.

మొదట ప్రాణభయం సంగతి. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2021లో ప్రపంచంలో సగటున లక్ష జనాభాకు 5.8 హత్యలు జరగగా, ఐరోపా ఖండంలో ఆ సంఖ్య 2.2 మాత్రమే. కనుక ఐరోపా నగరంలో అడుగుపెట్టిన యాత్రికుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరగవలసిన పని లేదు. అతనికి ఎదురయ్యే అసలు బెడద జేబుదొంగల వలన. ప్యారిస్ నగరంలోని లూవ్ర్ ప్రదర్శనశాల ప్రపంచ ప్రసిద్ధమైనది. 2013 ఏప్రిల్‌లో అక్కడి ఉద్యోగులు జేబుదొంగల ఆగడాలు భరించలేక పని మానివేయగా, ఆ ప్రదర్శనశాలను ఒక రోజు మూసివేయవలసి వచ్చింది. 2015 మే నెలలో ఐఫెల్ గోపురం ఉద్యోగులు కూడా అదే కారణంతో పని నిలిపివేశారు. బార్సెలోనాలోని రాంబ్లా వీధి, రోములోని పెద్ద రైల్వే స్టేషను పరిసరాలు కూడా ఇట్టి దొంగతనాలకు పేరుపడినవే.

ఈ దొంగలు కత్తి చూపి బెదిరించరు. ఒకడు ఏదో అర్జీ మీద సంతకం చేయమని కాగితం ముందు పెడతాడు. రైలు తలుపు మూసుకునే క్షణంలో మరొకడు వచ్చి మీద పడతాడు. ఈ సందడిలో మూడవవాడు తన పని కానిచ్చుకుంటాడు. లండనులో సైకిలు మీద వేగంగా వచ్చి, రోడ్డు ప్రక్కన నిలబడి ఫోను చూసుకునేవారి చేతిలోనుంచి దానిని తన్నుకుపోయేవారున్నారు. తలయెత్తి భవనాల సొగసు చూసేవాడు ఊరికి కొత్తవాడని దొంగకు ఇట్టే తెలిసిపోతుంది. పోయిన డబ్బు మళ్ళీ సంపాదించవచ్చు. పాస్‌పోర్టు పోతే మాత్రం పోలీసు స్టేషనుకు, అక్కడినుంచి భారత రాయబార కార్యాలయానికి తిరగవలసి వస్తుంది. భాష రాని ఊరిలో ఆ తిరుగుడే పెద్ద శిక్ష.

ఐరోపా నగరాలు పుట్టుకతోనే భద్రంగా ఉండేవని అనుకోవడం పొరపాటు. ప్యారిస్‌లో చీకటి పడితే ఇల్లు కదలడానికి జనం జంకే కాలం ఉండేది. 1667లో పధ్నాలుగవ లూయీ రాజు లా రేనీ అనే అధికారిని నగర రక్షణకు నియమించాడు. ఆ యేటనే వీధులలో లాంతర్లు వెలిగించే ఏర్పాటు మొదలైంది. లండనులో రాబర్ట్ పీల్ పూనికతో క్రమబద్ధమైన పోలీసు దళం 1829లో గాని ఏర్పడలేదు. దీపమూ, కాపలా, ఫిర్యాదు వినే దిక్కూ కలిసి ఆ నగరాలకు క్రమక్రమంగా అభయాన్ని సమకూర్చాయి. మనుషులు పూనుకొని కట్టుకున్న భద్రత అది. కనుక ఎవరైనా కట్టుకోవచ్చు, నిర్లక్ష్యం చేస్తే ఎవరైనా పోగొట్టుకోవచ్చు.

లండను పోలీసు దళం ఏర్పడిన మరుసటి యేడే, 1830 మే నెలలో, మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయలుదేరాడు. పెద్ద పరివారంతో సాగిన ఆ యాత్ర 1831 సెప్టెంబరు దాకా నడిచింది. మజిలీ మజిలీకి దారి ఎట్టిది, నీరు దొరుకుతుందా, దిగడానికి వసతి ఉన్నదా అని ఆయన శ్రద్ధగా వ్రాసిపెట్టాడు. తన వెనుక వచ్చే బాటసారికి తెలియని దారి తెలిసిన దారి కావాలన్న తపన ఆ వ్రాతలో కనిపిస్తుంది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే, 1837లో, హైదరాబాదులో పుట్టిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ సముద్రాలు దాటి లండను చేరాడు. ఆయన ఉర్దూ యాత్రాగ్రంథం 1847లో ఢిల్లీలో అచ్చయింది. ఐరోపా యాత్రను గురించి ఉర్దూలో వచ్చిన తొలి గ్రంథాలలో అది ఒకటి. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో వ్రాసిన ఈ ఇద్దరికీ భయపడడానికి కారణాలు మనకన్న ఎక్కువే ఉండేవి. అయినా వారు ఆగిపోలేదు. వివరం తెలుసుకుంటూ ముందుకు నడిచారు.

ఇక అన్నింటికన్న క్లిష్టమైన ప్రశ్న, భద్రత ఎవరికి అన్నది. ఒకే వీధి అందరికీ ఒకే విధంగా ఉండదు. పురుషునికి భయం లేని బాట స్త్రీకి భయం గొలపవచ్చు. దేహవర్ణాన్ని బట్టి, తలమీది వస్త్రాన్ని బట్టి మనిషిని అంచనా కట్టే చూపులు అన్ని దేశాలలోనూ ఉన్నాయి. 2009 జూలై 1న జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో, సాక్షాత్తు న్యాయస్థానంలోనే, తన మతాన్ని నిందించినవాని మీద సాక్ష్యం చెప్పిన ఒక ఈజిప్టు వనితను ఆ నిందితుడే పొడిచి చంపాడు. మరొకవైపు 2005 జూలై 7న లండను రైళ్ళలో, బస్సులో జరిగిన ప్రేలుళ్ళు 52 మందిని, 2015 నవంబరు 13న ప్యారిస్‌లో జరిగిన దాడులు 130 మందిని బలిగొన్నాయి. ఆ మృతులలో ముస్లిములూ ఉన్నారు. ద్వేషానికి ఒక మతమూ, ఒక వర్ణమూ లేవు. దాని వాత పడేవారికీ లేవు.

2024లో జరిగిన ఉదంతం మనకు మరీ దగ్గరిది. ఆ జూలై 29న ఇంగ్లండులోని సౌత్‌పోర్ట్ పట్టణంలో ముగ్గురు చిన్నారి బాలికలు హత్యకు గురయ్యారు. హంతకుడు వలస వచ్చిన ముస్లిమని ఒక అబద్ధం గాలిలా వ్యాపించింది. మరునాడే అల్లరిమూకలు అక్కడి మసీదుపై రాళ్ళు రువ్వాయి. అల్లర్లు అనేక పట్టణాలకు ప్రాకాయి. ఆగస్టు 6న లండనులోని భారత హైకమిషను, బ్రిటనుకు వచ్చే భారతీయులు అప్రమత్తంగా ఉండాలని సూచన జారీ చేసింది. 2025లో డబ్లినులో భారతీయులపై దాడులు జరిగినప్పుడు అక్కడి మన రాయబార కార్యాలయం కూడా ఇట్టి హెచ్చరికే చేసింది. పిల్లలను అక్కడికి పంపిన తల్లిదండ్రులకు ఆ రోజులలో నిద్ర పట్టకపోవడం వింత కాదు.

అయితే ఆ వార్తలో రెండవ సగం కూడా ఉన్నది. సౌత్‌పోర్ట్‌లో అల్లరి జరిగిన మరునాటి ఉదయమే ఆ పట్టణవాసులు ఇటుకలు, చీపుళ్ళు పట్టుకొని వచ్చి మసీదు గోడను తిరిగి నిలబెట్టారు. ఆగస్టు 7న లండనుతో సహా అనేక నగరాలలో వేలాది ప్రజలు జాతివిద్వేషానికి వ్యతిరేకంగా వీధులలోకి వచ్చి నిలిచారు. పరాయివానికి పోలీసు దళం ఇచ్చే ధైర్యం ఒక ఎత్తు, ఊరివాడు వచ్చి ప్రక్కన నిలబడితే కలిగే ధైర్యం ఒక ఎత్తు. నిందతో పాటు ఈ మంచిని కూడా లెక్కలోకి తీసుకోకపోతే మనం ఆ దేశానికి న్యాయం చేసినవారం కాము.

ఈ న్యాయం ఎంత అవసరమో పల్నాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ 2024లోనే, మే 13న పోలింగు జరిగిన తరువాత మాచర్ల, గురజాల, నరసరావుపేట నియోజకవర్గాలలో ఘర్షణలు చెలరేగాయి. జిల్లాలో 144వ సెక్షను విధించారు. ఎన్నికల సంఘం జిల్లా పోలీసు అధికారిని సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసింది. మే నెలలో పల్నాడు పేరు విని దేశం ఉలిక్కిపడింది. ఆగస్టులో బ్రిటను పేరు విని పల్నాడు ఉలిక్కిపడింది. దూరపు కొండలు నునుపు అన్నది సామెత. భయం విషయంలో మాత్రం ఇది తలక్రిందులవుతుంది. దూరాన ఉన్న కొండమీద ముళ్ళే కనిపిస్తాయి, దగ్గరి కొండమీద మనం రోజూ నడిచే బాట కనిపిస్తుంది. మాచర్లలో మనుషులు ఎట్లా బ్రతుకుతున్నారో మనకు తెలుసు గనుక మాచర్ల మనలను భయపెట్టదు. లండనులో ఎట్లా బ్రతుకుతున్నారో తెలియదు గనుక భయపెడుతుంది. బయటివానికి మాచర్ల కూడా అట్లాగే కనిపిస్తుందని మనం మరువరాదు.

మనది వట్టి అపనింద అని త్రోసివేయడం కూడా తగదు. పన్నెండవ శతాబ్దంలో కారంపూడి రణరంగంలో దాయాదులు చేసిన యుద్ధాన్ని వీరగాథగా చెప్పుకొని గర్వించే మనం, ఈనాటి కక్షలకు కూడా ఆ గర్వాన్నే అరువిస్తున్నామేమో ఆలోచించుకోవాలి. ఈ నేలకు అంతకన్న ప్రాచీనమైన మరో కీర్తి ఉన్నది. మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అనగా మన మాచర్ల సమీపంలోని నాగార్జునకొండ, దూరదేశాల మనుషులు వచ్చిపోయే నగరం. సింహళ విహారమనే పేరుగల విహారం అక్కడ ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి ఇచ్చింది. నేడు ఆ లోయ సాగరజలాల క్రింద ఉన్నా, శాసనాలు, శిల్పాలు ద్వీపంలోని ప్రదర్శనశాలలో ఉన్నాయి. సముద్రం దాటి వచ్చిన పరదేశికి నీడ చూపిన స్త్రీ పేరు పదిహేడు వందల సంవత్సరాలు రాతిమీద నిలిచింది. యుద్ధంతో పాటు దీనిని కూడా మన పిల్లలకు చెప్పాలి.

బాటసారిని ఆదరించడం మన సంప్రదాయాలన్నిటిలోనూ ఉన్నది. పూర్వం దారి పొడవునా సత్రాలు, సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు కట్టించారు. జకాతుకు అర్హులని ఇస్లాం చెప్పిన ఎనిమిది వర్గాలలో దారిలో చిక్కుకున్న ప్రయాణికుడు ఒకడు. ఇంత సంప్రదాయం ఉన్న మనకు నేటి పరీక్ష ఒకటే. రాత్రి పది గంటలకు ఒక ఒంటరి స్త్రీ, మన భాష రానిది, మన బస్టాండులో దిగితే, ఎవరిని అడగాలో ఆమెకు తెలుస్తుందా? దీపాలు వెలుగుతూ ఉంటాయా? ఆటో బేరం న్యాయంగా సాగుతుందా? ఫిర్యాదు చేయవలసి వస్తే ఆమె ఎవరని గాక, ఏమి జరిగిందని ముందుగా అడిగేవారుంటారా? మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలతో తరలివచ్చే లక్షలాది జనంలో దారి తప్పిన బిడ్డను చేయిపట్టి తల్లికి అప్పగించే మనుషులు మన ఊళ్ళలో ఉన్నారు. ఆ గుణం తిరునాళ్ళ నాటికే పరిమితం కాకుండా ఏడాది పొడవునా బస్టాండులో కనిపించాలి. ఐరోపాలో ఏ దేశంలోనైనా ఆపదలో పిలవవలసిన సంఖ్య 112. మన దేశంలోనూ నేడు అదే సంఖ్య. రెండు చోట్లా సంఖ్య ఒకటే అయినప్పుడు, పలికే తీరు కూడా ఒకటి కావాలని కోరడం అత్యాశ కాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో పరదేశాలకు వెళ్ళేవారు భయాన్ని మూట కట్టుకొని పోవద్దు, వివరాన్ని కట్టుకొని వెళ్ళండి. పాస్‌పోర్టు నకలు వేరుగా భద్రపరచుకోండి. రాత్రి చివరి రైలు ఎన్ని గంటలకో ముందే తెలుసుకోండి. మన రాయబార కార్యాలయం చిరునామా దగ్గర ఉంచుకోండి. అవమానం జరిగితే మౌనంగా దిగమింగక ఫిర్యాదు చేయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. కొడుకును పంపి, అదే మార్కులు వచ్చిన కూతురిని "ఆ ఊరు మంచిది కాదు" అని ఆపివేసే ఇళ్ళు మనలో ఉన్నాయి. ఆ ఊరు నిజంగా మంచిది కాకపోతే కొడుకుకూ మంచిది కాదు. భద్రత పేరుతో ఆడపిల్ల చదువుకు అడ్డుగోడ కట్టడం రక్షణ అనిపించుకోదు. ఆమెకు దారి వివరం చెప్పండి, ధైర్యం చెప్పండి, క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మని దీవించి పంపండి. ఆమె వెళ్ళిన నగరం ఆమెను ఎట్లా చూడాలని మీరు కోరుకుంటారో, మన ఊరికి వచ్చిన పరాయి ఇంటి బిడ్డను మనం అట్లా చూద్దాం.