ముస్తాబా, మొహం మార్చడమా?

పెళ్లిళ్ల రోజులొచ్చాయంటే చాలు, మన ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు పాత అంబాసిడర్లున్న ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. పెళ్లికొడుకు ఊరేగింపుకి తాతగారి కారే కావాలి. కానీ తాతగారి కారులా కనిపించకూడదు! బానెట్ మీది మోనోగ్రాము పీకెయ్యాలి. తలుపుల వెంట బీడింగు, చక్రాల మూతలు, ముందు జాలీ అన్నీ మార్చెయ్యాలి. వాటి బదులు వచ్చేవి చాలావరకు మెరుపు పూసిన ప్లాస్టిక్కు. దీన్ని ముస్తాబంటారుట. నేను మొహం మార్చెయ్యడం అంటాను.

బ్రేకులు మార్చొద్దని నేననడం లేదండోయ్. టైర్లు, వైర్లు, స్టీరింగులో అరిగినవీ నిర్దాక్షిణ్యంగా మార్చండి. అక్కడ మమకారం ప్రాణం మీదికి తెస్తుంది. నా పోట్లాటంతా కారు ఒంటిమీది నగల గురించే.

నగ మెరుపు తగ్గితే నగే పోయినట్టా? ఆ రోజుల బంపర్లకీ, చక్రాల మూతలకీ ఇనప రేకు మీద నికెలు, దానిమీద మరీ పల్చగా క్రోమియం పూత వేసేవారు. క్రోమియానికి తుప్పు పట్టదు. దాని సన్నటి బెజ్జాల్లోంచి చెమ్మ దిగి, కింది ఇనుముకి పడుతుంది. కొల్లేటి లంకల దారిలో తిరిగి, వానాకాలమంతా టార్పాలిన్ కింద ఉక్కిరిబిక్కిరైన కారుకి మచ్చలు రాకేం చేస్తాయి? పైపై మచ్చలైతే శుభ్రం చేసి, ఆరనిచ్చి, పల్చగా మైనం పూస్తే చాలు. లోతుగా దిగితే ఆ ముక్కకే పాత పూత తీయించి మళ్లీ ప్లేటింగు చేయించవచ్చు. (అన్నట్టు, ఇత్తడి బిందెని తోమినట్టు చింతపండూ పీచూ పెట్టి తోమించకండి. ఉన్న పూత కాస్తా పోతుంది.)

మనకిదేమన్నా కొత్త విద్యా? కళాయి పోయిందని గిన్నె పారేశామా? మళ్లీ కళాయి వేయించుకున్నాం. ఏలూరు తివాచీ అంచు చివికితే, అంచంతా కత్తిరించి నైలాను పట్టీ కుట్టుకుంటామా? స్టీలు మోజులో అమ్మమ్మల ఇత్తడంతా తూకానికి వేసి, ఇప్పుడు అలాంటివే షోకేసు కోసం బోలెడు పోసి కొనుక్కొస్తున్న వాళ్లం. ఇంకా బుద్ధి రాకపోతే ఎలా?

అంబాసిడరుకి ఎప్పుడూ ఒకటే మొహం అనుకుంటారు చాలామంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని ఆధారం చేసుకుని, 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు దాన్ని మొదలుపెట్టారు. 1960ల మొదట్లో మార్క్ టూ వచ్చేసరికి ముందు జాలీ మారింది. 1960 నాటి బండికి తర్వాతి జాలీ తగిలించడమంటే, పెళ్లి ఫోటోలో అమ్మ మొహానికి ఇప్పటి కళ్లద్దాలు దిద్దడమే. 2014లో అక్కడ తయారీయే ఆగిపోయింది. పోగొట్టుకున్న ముక్కని కంపెనీ మళ్లీ చేసివ్వదు.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి వింటేజి అనిపించుకోవాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. బాగానే ఉంది. మరి మోనోగ్రాము సంగతి? అది ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.

"పాతగా కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" ఇదీ అసలు భయం! మనకి బాగా తెలిసిన భయమే. నలభై దాటగానే మనచేత జుట్టుకి రంగు వేయించేదీ ఇదే. మూడు తరాల చేతులు తగిలి నునుపెక్కిన తలుపు పిడిని చూసి ఏమనుకుంటారు? ఆ ఇంట్లో మనుషులు మసిలారనుకుంటారు. అనుకోనివ్వండి.

విరిగిపోయి, మార్చక తప్పదంటే మార్చండి. విప్పినదాన్ని మాత్రం షెడ్డులో వదిలిరాకండి. గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టించుకోండి. "అదెందుకండీ మీకు, తుక్కేగదండీ" అంటాడు షెడ్డతను. తుక్కయితే అంత జాగ్రత్తగా పక్కన ఎందుకు పెట్టుకున్నావు నాయనా అని అడగండి.