పక్షి కంటికి తిప్ప కనపడదు

తెలుగు విమర్శలో నాకు అస్సలు పడని మాట ఒకటుంది: విహంగ వీక్షణం. ‘తెలుగు నవల – ఒక విహంగ వీక్షణం’, ‘డయాస్పోరా కథ – ఒక విహంగ వీక్షణం’. శీర్షికలో ఈ మాట కనపడిందంటే లోపల ఏముందో చదవకుండానే చెప్పేయొచ్చు. దశాబ్దాల వారీగా పేర్లు, పేరుకో విశేషణం. ఈయన సమాజాన్ని ప్రతిబింబించారు, ఆవిడ వాస్తవికతకు పెద్దపీట వేశారు. పైనుంచి చూసేవాడికి తాటిచెట్టూ తుమ్మచెట్టూ రెండూ పచ్చటి చుక్కలే. ఏది ఎంత ఎత్తుందో చెప్పలేడు. చెప్పాల్సిన పని లేకుండా ఉంటుందనే అంత పైకి వెళ్ళాడేమోనని నా అనుమానం.

ఇప్పుడా పక్షికి నిజంగానే రెక్కలు మొలిచాయి. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు మీద నేను చూసిన వీడియోల్లో ముప్పాతిక వంతు డ్రోన్ తీసినవే. ఇసుక మీంచి కెమెరా లేస్తుంది. మట్టిరంగు నీళ్ళు ఒకవైపు, నీలం నీళ్ళు ఒకవైపు, మధ్యలో వంపు తిరిగిన గీత, వెనక వేణువు. బావుంటుంది, కాదనను. కానీ ఆ తీరం గురించి అంతకన్నా పెద్ద అబద్ధం ఇంకోటి లేదని నా వాదన. ఆ అబద్ధాన్ని నాకు పట్టిచ్చింది మాత్రం, అందరూ బొమ్మని వంకర చేస్తుందని తీసిపారేసే ఒక పాత ఫిష్ఐ లెన్స్.

దాని పేరు జోడియాక్-8. 30 ఎంఎం, ఎఫ్/3.5. సోవియట్ కాలంలో కీవ్ నగరంలోని ఆర్సెనల్ ఫ్యాక్టరీలో తయారైంది. తర్వాతి రోజుల్లో ఆర్సాట్ అనే పేరుతో వచ్చిందీ ఇదే. నేను తగిలించింది అదే ఫ్యాక్టరీలో పుట్టిన కీవ్-60 కెమెరాకి. 120 ఫిల్ము, చదరపు నెగెటివ్, రోలుకి పన్నెండు బొమ్మలు. లెన్స్ ముందు గాజు గుడ్డులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి దాని మీద ఫిల్టర్ పెట్టే వీల్లేదు, వెనకవైపు బిగించాలి. ఏ రంగూ వద్దనుకున్నా అక్కడ తెల్ల గాజు ఒకటి ఉండాల్సిందే. ఆ గాజు మందం కూడా డిజైన్ లెక్కలో భాగం. నెగెటివ్ మూల నుంచి ఎదురు మూలకి 180 డిగ్రీలు పడుతుంది. నిలువుగానో అడ్డంగానో కొలిస్తే సుమారు 110.

ఇలాంటి లెన్సుని మామూలుగా ఎలా పరీక్షిస్తారో చూశారా? ఇటుక గోడ ముందు పెట్టి బొమ్మ తీసి, మూలల్లో పదును ఉందా లేదా అని భూతద్దంతో వెతుకుతారు. ఈ లెన్స్ దేన్ని చూడ్డానికి పుట్టిందో దాంతో పనిలేదు. పద్యంలో గణాలు సరిపోయాయో లేదో లెక్కపెట్టి పుస్తకం మూసేసే సమీక్షకులకి వీళ్ళు దగ్గరి చుట్టాలు. ఇంకో జట్టు ఫిల్ము భక్తులది. గ్రెయిన్‌లో ఆత్మ ఉంటుందంటారు. నాకు వెండి తప్ప ఏమీ కనపడలేదు. ఫిల్ముకీ డెవలపింగుకీ స్కానింగుకీ కలిపి ఒక్కో బొమ్మకి వంద రూపాయలు దాటుతోంది, దానివల్ల లాభం ఒక్కటే: నొక్కేముందు ఎక్కడ నిలబడ్డామో చూసుకుంటాం.

ఎక్కడ నిలబడ్డామన్నదే అసలు గొడవ. జనవరిలో ఒక ఆదివారం పాలకాయతిప్ప వెళ్ళాను. విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి కోడూరు, ఆపైన హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దాటుకుని సముద్రం దాకా. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయల మధ్య నేలే దివిసీమ. అక్కడి ఊళ్ళ పేర్లు వినండి: నాగాయలంక, ఈలచెట్లదిబ్బ, పాలకాయతిప్ప. లంక అంటే నీళ్ళు చుట్టుకున్న నేల. దిబ్బా తిప్పా అంటే చుట్టుపక్కల కన్నా కాస్త ఎత్తైన మేట. కాస్త అంటే కాస్తే. విశాఖ వాళ్ళకి చూపించి ఇది ఎత్తండీ అంటే నవ్వుతారు. కానీ ఇక్కడ మూరెడు ఎత్తుకీ పేరు పెట్టుకున్నారు, ఆ మూరెడు ఎత్తే ఇంట్లోకి నీళ్ళు రావడానికీ రాకపోవడానికీ మధ్య తేడా కాబట్టి. కొండలున్న చోట కొండకి పేరు పెడతారు, ఏమీ లేని చోట మేటకి పెడతారు. ఎత్తుని ఇంత జాగ్రత్తగా కొలుచుకున్న భాషని పట్టుకెళ్ళి మనవాళ్ళు ఆకాశంలోంచి ఫొటో తీస్తున్నారు.

ఇందులో సెంటిమెంటు లేదు, జ్యామెట్రీ ఉంది. చదునైన నేల మీద ఏ లెన్స్ వాడినా సరే, హొరైజన్ గీత ప్రతి వస్తువునీ కెమెరా ఎత్తు దగ్గరే కోస్తుంది. కెమెరా నా నడుం దగ్గర ఉంటే, నడుం కన్నా ఎత్తైన ప్రతిదీ గీత దాటి ఆకాశంలోకి లేస్తుంది. మనిషి లేస్తాడు, గట్టు మీద మేక లేస్తుంది, పడవ ముక్కు లేస్తుంది. అదే కెమెరా వంద మీటర్లు పైకెళ్ళిందా, లేచేది ఏదీ ఉండదు. తిప్పా, పక్కన పల్లమూ, రొయ్యల చెరువూ అన్నీ గీత కిందే పరుచుకుని పడుంటాయి. డ్రోన్ ఎత్తుని చూపించదు, తినేస్తుంది. కీవ్-60లో కెమెరాని నడుం దగ్గర పెట్టుకుని పైనుంచి తల వంచి చూసే ఫైండర్ ఉంటుంది కాబట్టి నాకు ఈ సంగతి మొదటి ఫ్రేముకే కళ్ళకి కట్టింది.

సరే, నడుం దగ్గర పెట్టడానికి ఏ లెన్సైనా చాలు కదా, ఫిష్ఐ ఎందుకు? ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. 1977 నవంబర్ 19న దివిసీమ మీదకి ఉప్పెన వచ్చింది. నీళ్ళు సుమారు 5 మీటర్ల ఎత్తు లేచాయి. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. ఉప్పెన సినిమాలో చూపించినట్టు గోడలా నిలబడి రాదు, నీటి మట్టమే లేచి దాని మీద అలలు వస్తాయి. అయినా లెక్క కోసం పది మీటర్ల దూరంలో 5 మీటర్ల ఎత్తు ఊహించండి. నడుం దగ్గర పెట్టిన కెమెరాకి ఆ ఎత్తు హొరైజన్ పైన 21 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ ఫార్మాట్‌కి నార్మల్ లెన్స్ అని పిలిచే 80 ఎంఎం, మధ్య నుంచి పైకి చూడగలిగేది 19 డిగ్రీలే. అంటే ‘మన కన్ను చూసినట్టే చూస్తుంది’ అని పేరున్న లెన్సుకి ఆ నీళ్ళు పట్టవు, ఫ్రేము పైనుంచి వెళ్ళిపోతాయి. వెనక్కి జరిగి తీయొచ్చుగా అంటారు. జరగండి. వంద మీటర్ల నుంచి అదే నీళ్ళు రెండు డిగ్రీల పట్టీ. సమాచారం మిగిలింది, నీళ్ళు పోయాయి. ఫిష్ఐ హొరైజన్ నుంచి పైకి 55 డిగ్రీలు, కిందికి 55 డిగ్రీలు పడుతుంది. కాళ్ళ దగ్గర ఇసుకా ఉంటుంది, మెడ వంచితే గానీ కనపడని మబ్బూ ఉంటుంది. జనవరి మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సముద్రం వైపు తిరిగితే ఆయన ఫ్రేములో ఉండక తప్పదు, బొమ్మ మీద కాంతి మరకలు పడకా తప్పదు. ఉత్తరానికి తిరిగితే నా నీడ పడుతుంది. ఇంత వెడల్పు చూసే లెన్స్ ముందు, తీసేవాడు దాక్కోలేడు. నాకది దోషంగా అనిపించలేదు.

నాకు తెలిసిన ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ ఉన్నారు, పెద్దాయన, నాకు గౌరవం. ‘ఫిష్ఐ గిమ్మిక్కయ్యా, ఉన్నది ఉన్నట్టు చూపించాలి’ అన్నారు. ఉన్నది ఉన్నట్టు చూపించే లెన్స్ ఏదండీ? గీతల్ని నిటారుగా ఉంచే వైడ్ లెన్స్ ఏం చేస్తుందో ప్రతి తెలుగు పెళ్ళి ఆల్బమ్‌లో ఉంది: గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ బాబాయి మధ్యలో ఉన్న పెళ్ళికొడుకు కన్నా రెండింతలు లావుగా కనపడతాడు. గీత నిలబడింది, బాబాయి సాగిపోయాడు. గీతలు కావాలా మనుషులు కావాలా అన్నప్పుడు ఆ లెన్స్ గీతల్ని ఎంచుకుంది. మనం దాన్ని ‘సహజం’ అంటున్నాం.

ఫిష్ఐకీ ఒక నియమం ఉంది. బొమ్మ మధ్యలోంచి పోయే గీతని అది వంచదు. మధ్య నుంచి పక్కకి జరిగినవాటినే వంచుతుంది. కెమెరా కిందికి వంచితే సముద్రం బుడగలా ఉబ్బుతుంది, పైకెత్తితే గిన్నెలా కుంగుతుంది. మూడో ఫ్రేము అలా ఉబ్బించి తీశాను. అది గిమ్మిక్కే, పెద్దాయన మాట ఆ ఒక్కదానికీ వర్తిస్తుంది. హొరైజన్‌ని సరిగ్గా మధ్యకి తెస్తే అది స్కేలు పెట్టి గీసినట్టు నిలబడింది. డెల్టాలో ఇంకే గీతలున్నాయి వంగడానికి? మేడలు లేవు, స్తంభాలు తక్కువ. మడ అడవి అంచున తీసిన రెండు బొమ్మల్లో అసలు నిటారు గీతే లేదు, ఏ లెన్స్ అని అడిగితే స్నేహితులు ముగ్గురూ తప్పు చెప్పారు. నగరంలో అబద్ధంలా కనపడే లెన్స్ ఈ చదును నేల మీద నోరెత్తకుండా పనిచేసింది.

ఫిష్ఐ అనే పేరుకి కూడా చరిత్ర ఉంది. 1906లో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఈ మాట వాడాడు. నీళ్ళలోంచి పైకి చూసే చేపకి నీటి పైనున్న ప్రపంచమంతా సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇరుక్కుని కనపడుతుంది. అదెలా ఉంటుందో చూడ్డానికి ఆయన కెమెరా నిండా నీళ్ళు పోశాడు. తర్వాత 1920లలో ఇంగ్లండులో రాబిన్ హిల్ ఆకాశం మొత్తం ఒకే బొమ్మలో పట్టే లెన్స్ తయారుచేశాడు, మబ్బుల్ని ఫొటో తీయడానికి. ఇంటర్ బైపీసీ వాళ్ళకి ఈయన తెలుసు, కిరణజన్య సంయోగక్రియలో ‘హిల్ రియాక్షన్’ ఆయన పేరు మీదే ఉంది. అంటే ఈ లెన్స్ పుట్టింది నీళ్ళ అడుగు నుంచి చూడ్డానికీ, మబ్బు చూడ్డానికీ. స్కేట్‌బోర్డు వీడియోల్లోకి తర్వాత వచ్చింది. తుపాను తీరంలో దాన్ని గిమ్మిక్కు అనడం, వాన గేజీని చెంబు అనడం లాంటిది.

పై చూపు దండగని నేననడం లేదు. 1977లో మనకి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో ఇన్సాట్-1బి వెళ్ళాక తుపాన్ల మీద మన సొంత కన్ను పడింది. 1990 మేలో ఇదే కృష్ణా డెల్టా మీదకి పెద్ద తుపాను వస్తే మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు, జనాన్ని ముందే తరలించారు. ఆ పక్షి చూపుకి దండం పెడతాను. అది హెచ్చరించడానికి పైకెళ్ళింది. వేణువు పెట్టుకుని వెళ్ళలేదు. నా తగువు, ఆ ఎత్తుని సౌందర్యంగా, సమగ్రతగా అమ్మేవాళ్ళతో, మరీ ముఖ్యంగా సాహిత్యంలో.

ఎందుకంటే మన సమీక్షల్లో ‘వక్రీకరణ’ ఇప్పుడు తిట్టు మాత్రమే. కథకుడు ఒక మనిషిని దగ్గర్నించి, కింద నుంచి, కొంచెం పెద్దది చేసి చూపిస్తే ‘వాస్తవాన్ని వక్రీకరించారు’ అంటారు. ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తిని అలంకారంగా ఒప్పుకోనన్నాడు వెయ్యేళ్ళ కిందట కశ్మీరంలో కుంతకుడు. వస్తువు స్వభావం అలంకరించాల్సిన శరీరం కదా, అదే నగ ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. ఆయన పుస్తకం పేరులోనే వక్రోక్తి ఉంది. వంపు ఆయనకి దోషం కాదు, కవి ఉన్నాడనడానికి గుర్తు. అయితే ఏ వంపు పడితే ఆ వంపు కాదు. సముద్రాన్ని బుడగ చేసే వంపు వేరు, సముద్రం ముందు మనిషి ఎంత ఎత్తున్నాడో చెప్పడానికి అంచుల్ని వదులుకునే వంపు వేరు. ఈ తేడా చెప్పగలిగితే విమర్శ. విహంగ వీక్షణంలో ఈ ప్రశ్నకి చోటే లేదు.

సరుగుడు తోట దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒకాయన ‘ఏం బాబూ, సర్వేనా?’ అని అడిగాడు. కాదు బాబాయ్, ఫొటోలు అన్నాను. వచ్చి ఫైండర్లోకి తొంగి చూశాడు. అందులో కుడి ఎడమైపోతుంది. ‘ఇదేంటి, పడవ అటుంటే ఇందులో ఇటుంది’ అని నవ్వి, ‘మబ్బు మాత్రం మొత్తం పడింది’ అన్నాడు. ఉప్పెనప్పుడు చిన్నపిల్లాణ్ణన్నాడు. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి బాబాయ్ అని అడిగితే చెయ్యెత్తి చూపిస్తాడనుకున్నాను. చెయ్యెత్తలేదు. మెడ వెనక్కి వంచి పైకి చూశాడు, అంతే.

మిగిలిన రెండు ఫ్రేములూ ఆయన్ని అడిగి తీశాను. కెమెరా నా నడుం దగ్గర, సముద్రం ఎదురుగా, ఆయన పది మీటర్ల అవతల. ఒకసారి చదును ఇసుకలో, ఒకసారి పక్కనున్న మేట మీద. మేట నడుమెత్తు ఉంటుంది, అక్కడివాళ్ళ లెక్కలో అది ఎత్తే. మొదటి బొమ్మలో హొరైజన్ ఆయన నడుం దగ్గర ఉంది. రెండోదాంట్లో ఆయన పాదాల దగ్గర ఉంది. రెండింట్లోనూ ఆయన తల పైన బోలెడు ఆకాశం మిగిలింది. 5 మీటర్లంటే నెగెటివ్ మీద హొరైజన్ నుంచి సుమారు 11 మిల్లీమీటర్లు. ప్రింటు వేయించి, ఆ కొలతకి పెన్సిలుతో గీత గీశాను. మేట మీద నిలబడ్డ బొమ్మలో కూడా గీత ఆయన తలకి చాలా పైన ఉంది.