ముందు బ్రేకు... తర్వాతే రంగు!

సైకిల్ అంటే ఈ రోజుల్లో మన తమ్ముళ్ళకు రెండే రకాలు. ఒకటి గేరు సైకిల్, రెండోది డొక్కు సైకిల్. లావు టైర్లు, షాకబ్జర్లు, మెరిసే రంగులు ఉంటే అది మొదటిది. నాన్న తొక్కి వదిలేసిందో, మామయ్య ఇచ్చిందో, పాత సామాన్ల కొట్టులో తూకానికి దొరికిందో అయితే అది రెండోది. మొదటిదాని కోసం ఇంటి దగ్గర అలిగి అన్నం మానేసిన వాళ్ళను ఎరుగుదుం. రెండోదాన్ని కాలేజీ గేటు దాకా తీసుకుపోవడానికి సిగ్గుపడి, సందు చివర కిరాణా కొట్టు దగ్గర ఆపి నడిచి వెళ్ళేవాళ్ళనూ ఎరుగుదుం. ఈ వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి, మహనీయుల గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మేము మాత్రం డొక్కు సైకిల్ తరఫున నాలుగు మాటలు రాయదలచుకున్నాం. మేము అంటే హాస్టల్లో పై తరగతుల వాళ్ళం నలుగురం, రెండేళ్ళుగా వేపచెట్టు కింద పాత సైకిళ్ళు విప్పి బిగిస్తున్నవాళ్ళం.

మిత్రులారా, మీరు ముచ్చటపడే ఆ లావు టైర్ల గేరు సైకిల్ పుట్టిందే డొక్కు సైకిల్ కడుపున. అమెరికాలో ష్విన్ అనే కంపెనీ 1933లో రెండు అంగుళాలకు పైగా లావున్న టైర్లతో బరువైన సైకిళ్ళు తెచ్చింది. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడేది. అలాంటివాటినే తర్వాత క్రూయిజర్లు అన్నారు. నలభై ఏళ్ళు గడిచేసరికి అవి షెడ్లలో తుప్పుపట్టి, కారుచౌకగా దొరికే స్థితికి వచ్చాయి. కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ కుర్రాళ్ళు వాటిని కొని, మడ్‌గార్డులు పీకేసి, కొండల మీద నుంచి కిందికి తోలడం మొదలుపెట్టారు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర పందేలే పెట్టారు. ఒక్కసారి దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు వేడికి గ్రీజంతా పొగై పోయేదట. మళ్ళీ విప్పి గ్రీజు నింపాల్సి వచ్చేది కాబట్టి ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు పెట్టుకున్నారు. గ్యారీ ఫిషర్ అనే అతను అలాంటి పాత సైకిల్‌కు డ్రమ్ము బ్రేకులు, గేర్లు తగిలించాడు. జో బ్రీజ్ 1977లో అదే పనికి కొత్త ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడు. మౌంటెన్ బైక్ అని ఈరోజు షోరూముల్లో అమ్ముతున్నది దీని సంతానమే. వాళ్ళేమీ మనలాంటి కూలి కుటుంబాల పిల్లలు కారులెండి, సరదాకు చేశారు. అయినా ఒకటి గమనించండి. ఆ పాత సైకిళ్ళ కథ మలుపు తిరిగింది బ్రేకు దగ్గరే.

ఇక మన నల్ల సైకిల్. మద్రాసులో 1949లో మొదలైన కంపెనీ హెర్క్యులిస్, సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో. మన తాతల కాలం నుంచి మనకు తెలిసిన పేర్లు ఇవే. అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, పని ఆపేసింది. అయినా ఆ సైకిళ్ళ విడిభాగాలకు కరువు లేదు. ఏ కంపెనీదైనా 28 అంగుళాల చక్రం, రాడ్ బ్రేకు, ముందు 32 వెనక 40 పుల్లలు అన్న లెక్క దాదాపు ఒకటే. ఒకదాని సామాను ఇంకోదానికి పడుతుంది. మండల కేంద్రంలో చిన్న సైకిల్ షాపులో కూడా దొరుకుతుంది. గేరు సైకిల్ పాడైతే సామాను కోసం జిల్లా కేంద్రానికి పోవాల్సిందే.

అయితే మా గొడవంతా డబ్బు ఎక్కడ పెడుతున్నామన్న దాని మీద. పాత సైకిల్ చేతికి రాగానే మన తమ్ముళ్ళు మొదట కొనేది స్టిక్కర్లు. తర్వాత పుల్లలకు రంగు గొట్టాలు, హారను, వెనక మెరిసే లైటు. బ్రేకు ఏదిరా అంటే చెప్పు కాలు ముందు చక్రానికి రాసి చూపిస్తాడు! మన హాస్టల్ నుంచి కాలేజీకి పోవాలంటే బైపాస్ దాటాలి. లారీ వాడికి మన స్టిక్కరు కనబడదు.

రాడ్ బ్రేకు గొప్ప యంత్రమేమీ కాదు. పిడి నొక్కితే కడ్డీలు లేచి, రబ్బర్లు రిమ్ము లోపలి అంచుకు ఒరుసుకుంటాయి. రబ్బరు అరిగినా, రిమ్ము వంకర తిరిగినా, కడ్డీల నట్లు వదులైనా పట్టు తప్పుతుంది. ఇనుప రిమ్ము తడిస్తే ఎంత కొత్త రబ్బరైనా జారుతుంది కాబట్టి వానలో ముందుగానే నొక్కడం మొదలుపెట్టాలి. గేరు సైకిల్ లాంటి లావు టైరు ఎక్కించాలని కొందరికి కోరిక. 26 అంగుళాల టైరు 28 రిమ్ముకు ఎక్కదు. రిమ్ములే మారిస్తే రాడ్ బ్రేకు పనికిరాదు. ఆ దారి పట్టకండి, డబ్బు దండగ.

మొన్న ఏడాది మేము నలుగురం కలిసి చేసిన సైకిల్ లెక్క చెబుతాం, ఊరిని బట్టి ధరలు మారొచ్చు. తూకానికి కొన్న పాత సైకిల్ 600. రెండు టైర్లు, ట్యూబులు 800. బ్రేకు రబ్బర్లు, నట్లు 80. బాల్స్, గ్రీజు 100. ఫ్రీవీల్, చైను 320. చక్రాల వంకర తీసినందుకు మిస్త్రీకి 200. మొత్తం 2,100 రూపాయలు. ఆ తర్వాతే గరుకు కాగితం, రెడ్ ఆక్సైడు, రంగు డబ్బా, బ్రష్షు కలిపి 250. ఓవరాయిలింగ్ మేమే చేసుకున్నాం. వెనక హబ్బులో ఒక్కో వైపు 9 చొప్పున పావు అంగుళం బాల్స్ 18 ఉంటాయి. ఒక్కటి పగిలినా మొత్తం మార్చాలి, కొత్తవీ పాతవీ కలిపితే కొత్తవి కూడా త్వరగా పోతాయి. చక్రాల వంకర మాత్రం మిస్త్రీకే వదిలేశాం. పుల్లలు బిగించి రిమ్మును సాపు చేయడం ఏళ్ళ తరబడి చేస్తే వచ్చే విద్య, దానికి 200 ఇవ్వడం న్యాయమే.

ఫ్రీవీల్ గురించి ఇంకొక్క మాట. మా సైకిల్‌కు ముందు 44 పళ్ళ చక్రం, వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ ఉండేవి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగేది. ఫ్రీవీల్ మార్చేటప్పుడు 22 పళ్ళది అడిగి తెచ్చాం, చైనుకు ఒక లింకు కలిపాం. ఇప్పుడు సరిగ్గా రెండు చుట్లు. వేగం కొంచెం తగ్గింది గానీ, ఇద్దరు ఎక్కి గట్టు ఎక్కుతున్నా తొక్కుడు దాదాపు అయిదో వంతు తేలికైంది. గేరు లేనివాడి గేరు ఇదే.

'లుక్కు' కోసం మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారేజీ పీకేసే వాళ్ళకు మేము గట్టిగా వ్యతిరేకం. మెరిన్ కుర్రాళ్ళకు వీపు మీద బురద పడితే ఇంటికెళ్ళి చొక్కా మార్చుకుంటారు. మనకున్నది రెండు జతల యూనిఫాం. క్యారేజీ లేకపోతే పక్క మంచం వాడిని జ్వరంలో ఆస్పత్రికి ఎలా తీసుకుపోతారు? ఇక చైన్ కవరు, వెనక చక్రానికి జాలీ లేకుండా మన చెల్లెళ్ళు చున్నీ వేసుకుని సైకిల్ ఎక్కడం ప్రమాదం. పెద్ద సైకిల్ మగపిల్లలదే అనే మాట కూడా మానేద్దాం. 1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది మంది పేద మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. మగవాళ్ళ సైకిల్ అయితే ముందు బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని దాన్నే కోరుకున్న వాళ్ళున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. చెల్లెళ్ళు ఎత్తుకు తగ్గ ఫ్రేము చూసుకుని, సీటు దించుకుంటే చాలు.

చెప్పక తప్పని చేదు నిజం మరొకటి ఉంది. మనలాంటి వాడు కొత్త రంగు వేసిన సైకిల్ మీద కనబడితే "ఎక్కడ కొట్టుకొచ్చావురా" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాబట్టి పాత సైకిల్ కొన్నప్పుడు అమ్మినాయన చేత తేదీ, ధర, ఫ్రేము నంబరుతో ఒక చీటీ రాయించుకోండి. నంబరు సీటు కింది గొట్టం దగ్గరో, పెడళ్ళ మధ్య గొట్టం అడుగునో కొట్టి ఉంటుంది. రంగు వేసేటప్పుడు దాని మీద కాగితం అంటించి వదిలేయండి. నంబరు మీద రంగు పూస్తే అనుమానం మనమే తెచ్చుకున్నట్టు.

ఇవన్నీ చెబుతుంటే ఒక పూర్వ విద్యార్థి అన్న మమ్మల్ని అడిగారు, "అయితే ప్రభుత్వం సైకిళ్ళు ఇవ్వనక్కర్లేదంటారా?" అని. ఆ మాట మేము అనలేదు, అనం. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. హైస్కూలు చేరికలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య తేడా దానివల్ల 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ పరిశోధనలో తేల్చారు. సైకిల్ అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. కానీ ఇచ్చిన సైకిల్ పంక్చర్ పడి, ట్యూబుకు డబ్బుల్లేక గోడకు ఆనించి ఉంటే ఆ హక్కు కూడా గాలి పోయినట్టే కదా.

అందుకని పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ప్రతి ఏటా మీరు గోడ గడియారాలు, షీల్డులు ఇస్తున్నారు, సంతోషం. హాస్టల్లో ఇప్పటికి గడియారాలు ఏడున్నాయి, నడిచేవి మూడు. ఈసారి ఒక నిలువు గాలి పంపు, ఒక స్పానర్ల సెట్టు, కోన్లు తిప్పే పల్చటి స్పానర్ ఒకటి, పంక్చర్ సామాను ఇప్పించండి. వార్డెన్ గారు స్టోరు రూము పక్క వరండా ఇస్తే తాళం బాధ్యత మాది, ఏ వస్తువు ఎవరు తీసుకున్నారో పుస్తకంలో రాసి ఉంచుతాం.

తమ్ముళ్ళూ, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేము వేపచెట్టు కిందే ఉంటాం. స్పానర్ పట్టుకోవడం తెలియకపోయినా ఫర్వాలేదు. వచ్చేటప్పుడు పాత గుడ్డపీలిక ఒకటి, బాల్స్ పోసుకోవడానికి ఒక గిన్నె తెచ్చుకోండి. మెస్ గిన్నె మాత్రం వద్దు.