దుమ్మును తూచారు, ఊడ్చే మనిషిని లెక్కించలేదు

దేశంలో వాహనాలు ఏటా ఎంత కాలుష్యం వదులుతున్నాయో ఎవరూ నేరుగా కొలవరు, అంచనా వేస్తారు. నా పీహెచ్‌డీ పని ఆ అంచనాల మీదే. సూత్రం చిన్నది: బండ్లు ఎన్ని, ఒక్కో బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, కిలోమీటరుకు ఎన్ని గ్రాములు వదులుతుంది. మూడింటినీ గుణిస్తే టన్నులు వస్తాయి.

ఆ మూడూ గట్టి అంకెలేమీ కావు. తుక్కుకు పోయిన బండ్లు కూడా రిజిస్ట్రేషన్ లెక్కల్లో బతికే ఉంటాయి. కేంద్రం నడిపే వాహన్ పోర్టల్ అంకెల్లో చాలా ఏళ్లపాటు తెలంగాణే లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ అయినా సాయపడుతుందా అంటే, అందులో పీఎం 2.5 ఊసే ఉండదు. పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, డీజిల్ బండికి పొగ చిక్కదనం చూసి పంపేస్తారు.

ఇవన్నీ సరిదిద్దుకోగల లోపాలే. నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది.

రోడ్డు కాలుష్యమంటే పొగగొట్టం ఒక్కటే కాదు. టైర్ల కింద నలిగి మళ్లీ లేచే దుమ్ము కూడా. దాన్ని అంచనా వేయడానికి రోడ్డు మీద కొంత మేర గుర్తుపెట్టి, అక్కడి దుమ్మును బ్రష్‌తోనో వాక్యూమ్‌తోనో ఎత్తి, 75 మైక్రాన్ల జల్లెడ పట్టి తూస్తారు. చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని రాసుకుంటారు. అదే రోడ్డును తెల్లవారుజామున చీపురుతో ఊడ్చే మనిషి ఒకరున్నారు. ఆ చీపురు తరతరాలుగా ఏ కులాల చేతిలో పెట్టారో మీకు చెప్పనక్కర్లేదు. శాంపిల్ తీసేవాళ్లకు మాస్కు ఉంటుంది, ఆమెకు కొంగు. మా సూత్రంలో దుమ్ముకు చోటుంది, ఆమె ఊపిరితిత్తులకు లేదు.

ఉద్గారాల లెక్క వేరు, పీల్చే లెక్క వేరు అని సెమినార్లలో జవాబు వస్తుంది. నిజమే. కానీ పీల్చే లెక్కలు కూడా ఎక్కువగా ఒక ప్రాంతపు సగటు గాలిని అక్కడి జనాభాతో ముడిపెట్టి సరిపెడతాయి. కారులో అద్దాలు ఎత్తుకుని వెళ్లేవారూ, ఆ కారు వెనక ఊడ్చేవారూ ఆ సగటులో ఒక్కటే. 2011 జనగణన ప్రకారం కారు, జీపు లేదా వ్యాను ఉన్న కుటుంబాలు 4.7 శాతం, ద్విచక్ర వాహనం ఉన్నవి 21 శాతం. బస్సులూ లారీలూ అందరి కోసం తిరుగుతాయి, ఒప్పుకుంటాను. సొంత బండి పొగ సంగతి అది కాదు.

రానున్న జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. పనికి ఎలా వెళ్తారు, ఎంత దూరం వెళ్తారు అని 2011లోనే అడిగారు. ఈసారి ఆ పట్టికలను కులంవారీగా, వృత్తివారీగా విడుదల చేయాలి. జాతీయ అంచనాలు ప్రచురించే బృందాలు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఏ కార్మికురాలు ఏ రోడ్డు మీద ఎన్ని గంటలు ఊడుస్తుందో మున్సిపాలిటీని అడగొచ్చు. టన్నుల పట్టిక పక్కన ఆ గంటల పట్టిక కూడా వేయొచ్చు.