గాజు తొట్టిలో కడలి

ఉప్పునీటి చేపల తొట్టి ముందు నిలిచిన అతిథి దృష్టి మొదట చేపలపైనే పడుతుంది. నారింజ వన్నె ఒంటిపై తెల్లని పట్టెలు గల క్లౌన్‌ఫిష్, నీలిరంగు టాంగ్, రాతి చాటునుండి మీసాలు కదిలించే రొయ్య చూపరులను ఇట్టే కట్టిపడేస్తాయి. తొట్టి యజమాని చూపు మాత్రం మరొకచోట ఉండాలి. అతడు నిజానికి పెంచుతున్నది నీటిని. నీరు చక్కగా ఉన్నంతకాలం చేపలు తమ సంగతి తాము చూసుకుంటాయి. ఇది గ్రహించక, సొమ్ము పోసి కొన్న అందాన్ని నెల తిరగకుండానే పోగొట్టుకునేవారు ఎందరో! ఈ వేడుకను తలకెత్తుకునేవారికి చేపల పేర్లు తెలియకపోయినా నష్టం లేదు. నీటి స్వభావం తెలియకపోవడం మాత్రం మన్నింపరాని లోపం.

'సముద్రంలో కాకిరెట్ట' అని తెలుగువారు ఒక మాట అంటారు. అపారమైన జలరాశిలో ఏ చిన్న మలినమూ లెక్కలోకి రాదని దాని భావం. పగడపు దిబ్బల చేపలు అటువంటి నీటికే అలవాటుపడిన జీవులు. ఉప్పదనం, వేడిమి, ప్రాణవాయువు ఒక్కసారిగా మారని చోట అవి పుట్టి పెరిగాయి. చెరువులోని కొర్రమీను ఎండకు, వానకు, బురదకు ఓర్చుకున్నట్లు ఇవి ఓర్చుకోలేవు. 200 లీటర్ల తొట్టిలో కాకిరెట్ట ఇక కాకిరెట్టగా ఉండదు. తినగా మిగిలిన చిటికెడు మేత, రాతి వెనుక చచ్చిపడిన ఒక్క నత్త అక్కడ ఉపద్రవమే.

ఈ కష్టాన్ని తొలినాళ్లలోనే చవిచూసినవారిలో ఇంగ్లండుకు చెందిన అన్నా థిన్ ఒకరు. ఆమె 1846లో టార్కీ తీరం నుండి కొన్ని పగడపు జీవులను లండనులోని తన ఇంటికి తెచ్చుకొన్నది. సముద్రపు నీరు లండనులో దొరకదు. తెచ్చిన కొద్దిపాటి నీటినే ప్రాణవాయువుతో నింపడానికి ఆమె ఇంటి పనిమనిషి తెరచిన కిటికీ ముందు నిలిచి, ఒక పాత్రనుండి మరొక పాత్రలోకి ఆ నీటిని పోస్తూ ఉండేది. ఈ పని ప్రతిదినం చాలాసేపు సాగేది. నేడు ఆ శ్రమను విద్యుత్ పంపు చేస్తున్నది. చరిత్రలో అన్నా థిన్ పేరు నిలిచింది. పగడాలను బ్రతికించిన ఆ చేతుల పేరు నిలువలేదు. తొట్టి అందం ఒకరిది, దాని చాకిరి మరొకరిది కావడం ఆనాడే మొదలయిందన్నమాట.

నీటిలో కంటికి కనిపించని వ్యవహారం ఒకటి నిరంతరం జరుగుతూ ఉంటుంది. చేపల విసర్జనల నుండి, కుళ్లిన మేత నుండి అమోనియా పుడుతుంది. అది విషం. మంచినీటిలోకంటె క్షారగుణం గల సముద్రపు నీటిలో దాని విషప్రభావం మరింత ఎక్కువ. ఒక జాతి సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ ప్రమాదకరమైనదే. మరొక జాతి దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొంతవరకు సహింపదగినది. ఈ సూక్ష్మజీవులు నీటిలో కంటె రాళ్లమీద, ఇసుకలో, వడపోత స్పాంజిలో ఎక్కువగా కాపురముంటాయి. కొత్త తొట్టిలో అవి తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆ తొట్టి కేవలం రాళ్లు, ఇసుక, నీరు నింపిన పెట్టె. అందులో చేపను వదలడం పొయ్యి వెలిగించకముందే విస్తరి వేయడం వంటిది. అయినా తొట్టి కొన్ననాడే చేపలనూ కొని, రెండింటినీ ఒకే బండిలో ఇంటికి తెచ్చేవారే ఎక్కువ. అమ్మేవారూ అడ్డు చెప్పరు.

శుభ్రపరచడమనే మాటకు ఇంటి గచ్చు విషయంలో ఉన్న అర్థం తొట్టి విషయంలో లేదు. కొందరు నెలకొకసారి ఎవరినో పిలిపిస్తారు. వచ్చినవాడు చేపలను బకెట్టులోకి తీసి, నీరంతా పారబోసి, రాళ్లను, స్పాంజిని కుళాయి కింద తళతళలాడేటట్లు తోమి పెడతాడు. ఆ సాయంత్రం తొట్టి అద్దంలా మెరుస్తుంది. మూడు నాలుగు రోజుల్లో చేపలు ఒకటొకటిగా పక్కకు ఒరిగిపోతాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులను హతమార్చిందని, తొట్టి మళ్లీ మొదటిరోజుకు వెళ్లిందని ఇంటివారికి తోచదు. చేపల జాతినే నిందిస్తారు. మురికి వల్ల చచ్చిన చేపలకు జాలిపడేవారుంటారు గాని, ఇటువంటి శుభ్రత వల్ల చచ్చినవాటిని గురించి ఆలోచించేవారు అరుదు.

చేయవలసిన పని చిన్నది, కాని తప్పనిది. వారానికొకసారి సుమారు పదోవంతు నీటిని, ఇసుకలో పేరుకొన్న మడ్డితో సహా గొట్టంతో లాగివేయాలి. 200 లీటర్ల తొట్టిలో అది 20 లీటర్లు. లీటరుకు 35 గ్రాముల లెక్కన దానికి 700 గ్రాముల సముద్రలవణం కావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు ఉంటాయి. పగడాలకు, రొయ్యలకు అవి లేనిదే బ్రతుకు లేదు. ఈ ఉప్పునీటిని శుద్ధిచేసిన నీటితో ముందురోజే కలిపి, పంపుతో తిప్పుతూ ఉంచి, వేడిమిని, సాంద్రతను సరిచూసి పోయాలి. సాంద్రత సుమారు 1.025 ఉండాలి. స్పాంజిని కడగవలసివస్తే తొట్టినుండి తీసిన నీటిలోనే పిండాలి. ముందు అద్దంమీది నాచును గీకివేయవచ్చు. వెనుక అద్దంమీది నాచును నత్తలకు వదలివేయడమే మేలు. సబ్బు అంటిన చేయి తొట్టిలో పెట్టరాదు.

ఆవిరి విషయంలో చదువుకున్నవారు కూడా పొరపాటు పడతారు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు కాదు. 200 లీటర్లలో ఉన్న 7 కిలోల ఉప్పు, 10 లీటర్లు ఆవిరైన తరువాత కూడా 7 కిలోలే. కాబట్టి తగ్గిన మేరకు శుద్ధమైన మంచినీరే పోయాలి. ఉప్పునీటి తొట్టి కదా అని ఉప్పునీరే పోసినవారు ప్రతిసారీ మరో 350 గ్రాముల ఉప్పును అందులో చేర్చినట్లే. సముద్రం మీద వాన కురిసేది మంచినీరేనన్న సంగతి గుర్తున్నవారికి ఈ తప్పు జరగదు.

తెలుగునాట ఈ వేడుకకు వేసవి గట్టి పరీక్ష పెడుతుంది. పగడపు చేపలకు 25 నుండి 27 డిగ్రీల వేడిమి హితం. మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటే ఊళ్లలో చల్లబరచే యంత్రం లేకుండా దానిని నిలుపుకోవడం కష్టం. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది; ఉప్పునీటిలో అది అసలే తక్కువ. ఆ సమయంలోనే కరెంటు పోతే పంపు ఆగి, కొద్ది గంటల్లో చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో సిద్ధంగా లేనివారు, ఎంత ఖరీదైన దీపాలు అమర్చుకున్నా, తొట్టి పెంచడానికి తగినవారు కారు.

ఇంత కఠినంగా చెప్పడానికి కారణం ఉంది. మంచినీటి అలంకార చేపలలో అధికభాగం చెరువుల్లో, తొట్లలో పెంచినవి. ఉప్పునీటి చేపలలో అత్యధికభాగం నేటికీ సముద్రంనుండి పట్టి తెచ్చినవే. 1960ల నుండి ఫిలిప్పీన్సులో పగడపు దిబ్బల మీద సయనైడు చిమ్మి, మత్తుగొన్న చేపలను ఏరుకునే దుష్టపద్ధతి ప్రబలింది. ఆ విషానికి పగడాలు చచ్చాయి. పట్టుబడిన చేపలలో అనేకం దారిలోనో, కొన్నవారి ఇంటికి చేరిన తరువాతనో మరణించాయి. కొనుగోలుదారుని నిర్లక్ష్యంవల్ల తొట్టిలో ఒక చేప చనిపోతే దాని స్థానంలో మరొకటి ఆ దిబ్బనుండే రావాలి. భారతదేశంలో పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉన్నాయి. వాటిని అమ్మడం, కొనడం నేరం.

లండను జంతుప్రదర్శనశాలలో 1853లో తెరచిన మత్స్యగృహానికి జీవులను సమకూర్చి, మరుసటి ఏడు 'ది అక్వేరియం' గ్రంథం వెలువరించి, ఇళ్లలో కడలిని నింపుకొనే మోజును ఇంగ్లండంతటా వ్యాపింపజేసినవాడు ఫిలిప్ హెన్రీ గోస్. ఆ మోజుతో సేకరణకర్తలు తీరానికి పోటెత్తి, తన తండ్రి వర్ణించిన రాతి గుంటలను జీవరహితం చేశారని ఆయన కుమారుడు ఎడ్మండ్ గోస్ 1907లో ప్రకటించిన 'ఫాదర్ అండ్ సన్'లో వేదనతో రాసుకున్నాడు. ప్రేమతో రాసిన పుస్తకమే ఆ తీరానికి చేటు తెచ్చిందన్న బాధ ఆ కుమారునిది.

అందుచేత ఈ వేడుకను మానుకోమనడం సరికాదు. క్లౌన్‌ఫిష్ వంటి కొన్ని జాతులను బందిఖానాలోనే గుడ్లు పెట్టించి పెంచే విద్య నేడు ఉంది. భారతదేశంలోనూ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దానిని అభివృద్ధిపరచింది. పుట్టుకతోనే తొట్టినీటికి అలవాటుపడిన అటువంటి చేపలు రెండింటితో ప్రారంభించేవారు సముద్రానికి అప్పుపడరు. బాగా చూసుకుంటే అవి పదేళ్లకు మించి బ్రతుకుతాయి. అంటే ఇంటర్మీడియట్ చదివేనాడు తెచ్చుకున్న చేపకు ఉద్యోగం వచ్చిన తరువాత కూడా ప్రతి ఆదివారం 20 లీటర్ల నీరు మార్చవలసి ఉంటుంది. దుకాణంలో అడుగుపెట్టే ముందు వేసుకోవలసిన లెక్క అది.